ఫీలవ్వని బాబాయి

మా బాబాయి దేనికీ ఫీలవ్వడు. ఆ మాట ఆయనే చెప్పుకుంటాడు. పెళ్ళిభోజనంలో రెండోసారి కూర వడ్డించకపోతే మిగతా చుట్టాలు ఫీలై ఏడాదిపాటు పలకరింపులు మానేస్తారు. బాబాయి మాత్రం లేచి వెళ్ళి తనే గరిటె అందుకుంటాడు.

పోయినేడు మిరపకోతల్లో ఆయనకు దవడపన్ను సలపడం మొదలైంది. లవంగం పెట్టాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. పండుమిరపకాయ పచ్చడి నోట పెట్టలేకపోయిన రోజున నాకు ఫోన్ చేశాడు. ఊళ్ళోంచి టౌనుకు రప్పించి, బ్రాడీపేటలో మా ఇంటి దగ్గరున్న పళ్ళ డాక్టరు దగ్గరికి స్కూటీ మీద తీసుకెళ్ళాను.

డాక్టరు చిన్నపిల్ల. బెంగళూరులో పెరిగిందట, తెలుగు వెతుక్కుంటూ మాట్లాడుతుంది. పన్ను తీసెయ్యాలంది. చిగుళ్ళకు ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపాగి, సన్నటి మొనతో గుచ్చి చూసింది.

"అంకుల్, ఫీలవుతున్నారా?"

"ఛఛ, ఫీలవ్వడానికేముందమ్మా? నీ పని నువ్వు చేస్తన్నావ్."

"కొంచెం కూడా?"

"నా వయసేంటి, నీ వయసేంటి! నువ్వేం చేసినా నేను ఫీలవ్వను. కానియ్యి."

ఆ అమ్మాయి ధైర్యంగా పటకారు వేసి లాగింది. బాబాయి పెట్టిన కేకకు బయట కూర్చున్న ఇద్దరు పేషెంట్లు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

"ఫీలవ్వట్లేదన్నారు కదా అంకుల్!" డాక్టరు పటకారు పట్టుకుని వెనక్కి జరిగింది.

"ఫీలవ్వలేదమ్మా! నొప్పి పుట్టింది!"

నవ్వాపుకుంటూ చెప్పాను. "నొప్పి తెలుస్తోందా అని అడిగింది బాబాయ్."

"మరట్టా అడగొచ్చు కదే ఆ పిల్ల!"

డాక్టరు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి, నొప్పి తెలియట్లేదని ఆయన చేత మూడుసార్లు చెప్పించుకుని, పన్ను తీసింది.

నోట్లో దూదితో మెట్లు సగం దిగిన బాబాయి ఆగిపోయాడు. మళ్ళీ పైకెక్కి డాక్టరు ముందు నిలబడ్డాడు. మొద్దుబారిన పెదవులు కలవడం లేదు.

"ఈలవ్వకు, ఈలవ్వకు" అన్నాడు చెయ్యూపుతూ.

ఆమె హడలిపోయి నావైపు చూసింది. "ఏమవుతోంది ఆయనకి?"

"ఏం లేదండీ. మిమ్మల్ని బాధపడొద్దంటున్నాడు."

అప్పటికి ఆ పిల్ల నవ్వింది. ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి, వారం రోజులు కారం ముట్టుకోవద్దని చెప్పింది.

వారమంతా పిన్ని పెరుగన్నమే పెట్టింది. కళ్ళంలో ఎర్రగా ఆరబోసిన కాయల వైపు చూసుకుంటూ తిన్నాడు.