పసుపు నలగకుండానే ముగిసిన పాట

ఆ రోజుల్లో నాకు గిటారు బాగా వచ్చునని గట్టి నమ్మకం ఉండేది. (ఆ నమ్మకం నా ఒక్కడికే ఉందని ఎవరూ చెప్పలేదు, మర్యాదస్తులు.) గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి పటాన్‌చెరులో స్థిరపడ్డ కుటుంబం మాది. నేనూ అక్కడే ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరి, మొదటి జీతంతో గిటారు, రెండో జీతంతో ఫోను స్టాండు కొన్నాను. పల్లె పాటను నా గిటారుతో లోకానికి వినిపించాలని నా ఆశయం. లోకం అడిగిందా అంటే, అడగలేదు.

నా షిఫ్టు దోస్తును అందరం స్పానర్ అనేవాళ్ళం. పటాన్‌చెరు దగ్గరి వాళ్ళ ఊరు లక్డారంలో వాళ్ళ చెల్లెలి పెళ్ళి. పెళ్ళికూతురికి పూసే పసుపును వాళ్ళింట్లో ఆడవాళ్ళే పాట పాడుతూ రోట్లో దంచుతారని విని, వీడియో తీద్దామని పొద్దున్నే గిటారు, ఫోను స్టాండుతో దిగిపోయాను. వాళ్ళ నానమ్మ మురిసిపోయి, "తియ్యి బిడ్డా, మా పాట గూడ నలుగురు వింటరు" అంది. రోకళ్ళు లేచాయి, పాట మొదలైంది, నేను గిటారు కలిపాను. నిజం చెప్పొద్దూ, బాగుంది. వీడియోకు మూడు నిమిషాలు చాలుకదా అని చెయ్యెత్తి, తీగలన్నీ ఒక్కసారి ఘల్లుమనిపించి ముగింపు ఇచ్చాను. అతిథిని కాదనలేక ఆడవాళ్ళు రోకళ్ళు ఆపేశారు. "శ్రుతి కుదరలేదక్కా, మళ్ళీ మొదటి నుంచి" అన్నాను. మళ్ళీ ఆపాను. తీగ బిగించాను. ఒకసారి వెనకాల మేక అరిచింది, అందుకూ ఆపాను.

ఇంతలో నానమ్మ లోపలినుంచి వచ్చి రోట్లో చెయ్యి పెట్టి చూసింది. పసుపు కొమ్ములు ముక్కలయ్యాయి, అంతే. "ఏంది బిడ్డా, పసుపు నలగనే లే, పాట ఎట్ల అయిపోయింది? పిల్ల పీట మీద కూసున్నది, యాళ్లయితుంది!" ఆ ఇంట్లో పసుపు మెత్తగా నలిగేదాకా పాట సాగాలట. స్పానర్ నావైపు చూడకుండా బండి తీసి, కిరాణా కొట్టు నుంచి పసుపు ప్యాకెట్టు తెచ్చాడు. దాన్ని పళ్ళతో చింపుతూ నానమ్మ, "మా ఇంట్ల ఏ పిల్లకూ గిట్ల కాలే" అంది, నాతో కాదు, ప్యాకెట్టుతో. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. గిటారు సంచీలో దూర్చి జారుకోబోతే, "తినకుంట పోతవా?" అని ఆమే చెయ్యి పట్టుకుని విస్తరి ముందు కూర్చోబెట్టింది. ఆ రోజు పప్పులో పసుపు కూడా నన్నే గుడ్లురిమి చూసినట్టనిపించింది.

వీడియో పెట్టడానికి మనసొప్పలేదు. చివరికి నానమ్మే, "నా పాట ఏదిరా?" అని స్పానర్‌ను సతాయిస్తుంటే పెట్టాను. చాలామంది మెచ్చుకున్నారు. ఒకాయన మాత్రం కింద రాశాడు: "మస్తుందన్నా, గంత జల్దీ ఎందుకు ఆపిన్రు?" దాని కింద ఒక దండం బొమ్మ పెట్టాను. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ వీడియో చూస్తాను. చివర్లో తీగలు ఘల్లుమనిపించి, ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వే ఆ కుర్రాణ్ణి చూస్తే తిట్టబుద్ధి కాదు. గిటారు మెల్లగా పక్కన పెట్టించి, ఒక రోకలి చేతికిచ్చి, "జెర దంచు తమ్మీ" అనాలనిపిస్తుంది.