ఎల్లప్ప సోదా చేసిన రొట్టెలు

నారాయణఖేడ్‌ల ఎల్లప్పను ఎరుగనోళ్లు తక్కువ, ఇష్టపడేటోళ్లు ఇంకా తక్కువ. మనిషి చెడ్డోడేం కాదు. కల్లు ముట్టడు, ఒకల జోలికి పోడు. గని అనుమానం ఉన్నది చూడుండ్రి, అది ఆయన ఒంట్లె నెత్తురుతోని కలిసి తిరుగుతది. పాలోడు పాలు పోస్తె వేలు ముంచి చూస్తడు. ఆటోల కూసుంటె డ్రైవరు ఏ సందుల మలుపుతుండో అని మెడ చాపి చూస్తడు. పెండ్లాం బతికున్న దినాలల్ల కూర జెర రుచిగ కుదిరినా సరే, ఏంది సంగతి, ఇయ్యాల గింత మంచిగ చేసినవ్ అని అడిగేటోడట. ఆమె పోయి ఆరేండ్లాయె. ఆ ముచ్చటకు జవాబు చెప్పీ చెప్పీ పాపం పానం ఇసిగిపోయి ఉంటది.

ఉట్టిగనే గట్ల కాలేదు. ఇరవై రెండేండ్లు ఊరి బయట ఒక పత్తి మిల్లు గేటు కాడ కావలి కాసిండు. పత్తి మిల్లుల ఒక్క అగ్గిపుల్ల గీస్తె చాలు, అంతా బూడిదే. అందుకని లోపలికి పొయ్యే ప్రతి హమాలీ జేబు తడమాలె, ప్రతి సద్ది గిన్నె మూత తియ్యాలె. అన్నం అడుగున బీడీ కట్ట దాసుకపొయ్యేటోళ్లు ఉండిరి, లేరని కాదు. ఎల్లప్ప చెంచ పెట్టి అన్నమంత కలియబెట్టేటోడు. అంతమందిల ఒక్కడు సుత, రా ఎల్లన్నా ఒక్క బుక్క తిను అన్నోడు లేడు. కెలికినంక ఎవలు పిలుస్తరు?

మిల్లుకు గంపల జొన్న రొట్టెలు తెచ్చి హమాలీలకు అమ్మేది గులాబ్ బీ. మొగడు పోయినంక ఆ రొట్టెల మీదనే బిడ్డ ఫర్జానాను పెంచి పెండ్లి చేసింది. ఆమె గంపను సుత ఎల్లప్ప ఇడవలే. రొట్టెకు రొట్టెకు నడుమ చెయ్యి పెట్టి చూసేటోడు. ఇరవై ఏండ్లల్ల ఒక్క బీడీ దొరకలే, అయినా చెయ్యి పెట్టుడు ఆపలే. ఆమె ఒక్కనాడు నోరు తెరిచి ఏమనలే. ఏమనకపోవుడే ఎల్లప్పకు పెద్ద అనుమానం. మనసుల ఏం పెట్టుకున్నదో, ఎప్పుడు తీర్చుకుంటదో అని. మిల్లు నౌకరి అయిపోయినంక కిరాయికి అర్ర దొరికింది కూడ ఎక్కడనంటె, సరిగ్గా గులాబ్ బీ వాకిట్లనే. నడుమ ఒక నల్లా, ఇటు ఈయన వెనుక తలుపు, అటు ఆమె రొట్టెల పొయ్యి.

ఇగ గుండీ. చిన్న కుక్క, గోధుమ రంగుది. మిల్లు గేటు కాడ పుట్టింది, ఖాకీ అంగీకి ఉండే గుండీ లెక్క ఉన్నదని ఎల్లప్ప ఆ పేరు పెట్టిండు. ఆయన చేతుల ఏం పెట్టినా వాసన చూడకుండ తినేది. లోకంల ఆయనను నమ్మింది అదొక్కటే, ఆయన నమ్మింది సుత దాన్నే. రెండు ఈతల పిల్లలు లారీల కింద పోయినయి. మూడోసారి దాని గోస చూడలేనని, పిల్లలు కాకుండ ఆపరేషన్ చేయించుడే మేలని పశువుల దవాఖాన డాక్టరమ్మను అడిగి దినం ఖాయం చేసుకున్నడు.

పిలిస్తె వచ్చే కుక్కను తీస్కపోవుడు ఎంత పని? గని ఎల్లప్పకు దాని మీద సుత అనుమానమే, ఆటో చూసి ఉరుకుతదేమో అని. మంగళారం పొద్దుగాల ఒక గంపల మటన్ బొక్క ఏసి, గుండీ లోపలికి దూకంగనే తువ్వాల కప్పి బిగిచ్చి కట్టిండు. దవాఖాన దాంక అది లోపల మొత్తుకుంటనే ఉన్నది. ఆపరేషన్ మంచిగనే అయింది. డాక్టరమ్మ చెప్పినవి నాలుగే ముచ్చట్లు. కుట్లు నాకనియ్యొద్దు, తడువనియ్యొద్దు, ఎగరనియ్యొద్దు. ఐదు దినాలు పొద్దుమాపు గోలీ తప్పొద్దు. గోలీలు పడకపోతె లోపల చీము పడుతదని, గింత పానం ఇంకోసారి కోతకు తట్టుకోదని కూడ చెప్పింది.

ఎల్లప్ప తన పాత ఖాకీ అంగీ చింపి గుండీ నడుముకు చుట్టి, వీపు మీద, మిల్లుల బస్తాల మూతికి ఏసేటి బస్తా ముడి ఏసిండు. పెరుగన్నంల గోలీ దాసి ముంగట పెట్టిండు. గుండీ గిన్నె దిక్కు చూసింది, ఎల్లప్ప దిక్కు చూసింది. మూతితోని అన్నం ఇటు తీసి, అటు తీసి, అడుగున గోలీ కనవడంగనే తల తిప్పుకున్నది. ఒక్క మెతుకు ముట్టలే. బుధారం పొద్దుగాల పాలల్ల నానిన బిస్కిట్ల పెట్టిండు. మల్ల గదే కథ. అది అన్నం కెలికే తీరు ఎక్కడ్నో చూసినట్టే అనిపించింది ఎల్లప్పకు. ఎక్కడనో యాదికొచ్చినంక ఇగ ఆ గిన్నె దిక్కు చూడలేకపోయిండు, నిన్నటి అన్నం, ఆ బిస్కిట్లు తీస్కపోయి వెనుక మోరీల పారబోసిండు.

బుధారం మాపు చాయ్ తాగి వచ్చేవరకు వీపు మీద ముడి మారి ఉన్నది. తను ఏసింది బస్తా ముడి, ఉన్నది మామూలు ముడి. గుండీ మూతికి రొట్టె పొడి అంటుకోని ఉన్నది. ముంగటి తలుపుకు తాళం ఏసినట్టే ఉన్నది. వెనుక తలుపుకు వాకిలి దిక్కు నుంచి గొళ్లెమే. ఆ వాకిట్ల ఉండేది ఇంకెవలు?

ఎల్లప్పకు అనుమానం అంటుకున్నది, ఆ ధ్యాసల ఆ పూట, తెల్లారి పూట గోలీ ఏసుడే మరిచిండు. గని తొందరపడే మనిషి కాడు, ఇరవై రెండేండ్ల అనుభవం. బేస్తారం పొద్దుగాల పాలకు పోయేముందు వెనుక గడప లోపల పల్సగ బూడిద చల్లిండు. వచ్చి చూస్తె సన్నని ఆడమనిషి పాదాలు, వచ్చినయి రెండు, పోయినయి రెండు. మాపు చాయ్‌కు పోతున్నట్టే పోయి, గోడ చాటుకు నిలబడ్డడు. జెర సేపటికి గులాబ్ బీ వెనుక తలుపు తీసుకోని బయటికొచ్చింది. సక్కగ నల్లా కాడికి పోయి చేతులు కడిగింది. మల్ల కడిగింది. ఇంత మన్ను తీసుకోని రెండు చేతులు గీకి గీకి రుద్దింది, మల్ల కడిగింది. అన్నం పెట్టినోళ్లు ఎవలన్న గట్ల కడుగుతరా? చేతికి ఏదో అంటితెనే గట్ల కడుగుతరు. ఎలుకల మందు, పొలాలల్ల కొట్టే మందు, ఎల్లప్ప మనసుల అన్నీ వరుసగ తిరిగినయి. లోపలికి ఉరికి గోలీల షీటు చూసిండు. పాడైనవి రెండు పోంగ ఎనిమిది ఉండాలె. ఐదే ఉన్నయి. అంటె మందు ఎత్తుకపోయి, ఇంకేందో తినబెడుతుందన్న మాట. ఇరవై ఏండ్ల పగ నోరులేని దాని మీద తీర్చుకుంటుందని తీర్మానం చేసేసిండు.

నిజం చెప్పాలంటె ఆ దినం గుండీ తేటగనే ఉన్నది, లేచి రెండడుగులు ఏసింది కూడ. గని అనుమానం పట్టినోనికి కండ్లు ఉంటె ఏం లాభం? విషం మెల్లగ ఎక్కుతదట అని ఎప్పుడో ఇన్నది పట్టుకోని కూసున్నడు.

శుక్రారం పొద్దుగాల బజారుకు పోయి కొత్త తాళం తెచ్చి వెనుక తలుపుకు లోపలి నుంచి ఏసిండు. గోలీలు అంగీ జేబుల పెట్టుకున్నడు. పాలకు పోలే, చాయ్‌కు పోలే, దినమంత గుండీ పక్కనే కుర్చీ ఏసుకోని కావలి కాసిండు. వెనుక తలుపు ఒకసారి జెర కదిలింది, మల్ల ఆగిపోయింది. చూసినవా, పట్టుకున్న అని లోపల లోపల మురిసిండు. గుండీకి మాత్రం గోలీ పడలే. చిక్కుడు కూరల పెట్టినా, గుడ్డుల పెట్టినా తీసి పక్కన పెట్టింది. నోరు తెరిచి మింగించబోతె చెయ్యి కొరికింది. గింజుకుంటె కుట్లు తెగుతయని ఇడిచిపెట్టిండు. పుట్టినప్పటి సంది అది ఆయనను కొరకలే. ఎల్లప్పకు చెయ్యి కన్న ఆ సంగతే ఎక్కువ నొప్పి పెట్టింది.

శనివారం తెల్లారేసరికి గుండీ ముక్కు ఎండిపోయింది, ఒళ్లు కాలిపోతుంది. నడుముకు చుట్టిన అంగీ ఇప్పి చూస్తె కుట్ల చుట్టూ ఎర్రగ ఉబ్బింది. డాక్టరమ్మకు ఫోన్ చేసిండు. ఆమె సిర్గాపూర్ దిక్కు క్యాంపుల ఉన్నది, రేపు పొద్దుగాల వస్తనన్నది. గోలీ ఎప్పటి సంది పడుతలేదని అడిగి, అప్పటిదాంక ఎట్లనన్న చేసి పడేటట్టు చూడమని గట్టిగ చెప్పింది. ఎల్లప్ప ఫోన్ పెట్టేసి, కొత్త తాళం తీసి, సక్కగ గులాబ్ బీ పొయ్యి కాడికి పోయిండు. ఏం మందు పెట్టిందో తెలిస్తె డాక్టరమ్మకు చెప్పొచ్చని.

గులాబ్ బీ పెనం మీద రొట్టె కాలుస్తుంది. పక్కన రొట్టెల డబ్బ. ఎల్లప్ప నోరు తెరవకముందే చెయ్యి పోయి మూత తీసింది. అలవాటు చూడుండ్రి, రొట్టెల నడుమ వేళ్లు సుత పెట్టిండు.

"పూర్తిగ పెట్టి చూడు," అన్నది గులాబ్ బీ.

ఎల్లప్ప చెయ్యి ఎనుకకు తీసుకున్నడు. "నా కుక్కకు ఏం పెట్టినవ్?"

"గోలీ పెట్టిన."

ఆమె చెప్పుడు మొదలుపెట్టింది, రొట్టె తిప్పుకుంటనే. బుధారం ఆయన పోయినంక కుక్క మూలుగుతుంటె ఆగలేక తలుపు తీసిందట. అంగీ ఊడిపోయి కుట్లు నాకుతున్నది. ముడి ఏసింది. మోరీల పారబోసిన అన్నంల తెల్ల గోలీ అంతకుముందే చూసి ఉన్నది కాబట్టి, తింటలేదని అర్థమైంది. అలమారల ఉన్న డాక్టరమ్మ మందుల చీటీని ఫోన్ల ఫొటో తీసి ఫర్జానాకు పంపి చదివించుకున్నది. రొట్టె తుంచి, సగం దాని ముంగట తను తిని, మిగిలిన సగంల అది చూస్తుండంగనే గోలీ పెట్టి ఇచ్చింది. మూడు పూటలు తిన్నది. శుక్రారం వచ్చి చూస్తె తలుపు లోపల నుంచి తాళం.

"మరి మన్నుతోని ఎందుకు కడుగుతివి?" అన్నడు ఎల్లప్ప. ఆ మాట అనేటప్పటికే గొంతు తగ్గింది.

"కుక్క ఎంగిలి తాకితె ఏడుసార్లు కడుక్కోవాలె, అండ్ల ఒకసారి మన్నుతోని. మా ఇంట్ల గట్లనే నేర్పిన్రు. నమాజుకు నిలబడాలె గద."

"నాకు చెప్తె అయిపోతుండె."

"చెప్తె పెట్టనిస్తుంటివా?"

ఎల్లప్ప పెట్టనియ్యకపోతుండె. అది ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. సిగ్గుతోని నెత్తి దించుకోని, కుక్కకు జొరం వచ్చిందని, జెర వచ్చి నువ్వే తినిపియ్యమని అడిగిండు. ఒకలను గట్ల బతిమిలాడుడు ఆయన జన్మల లేదు.

గులాబ్ బీ పొయ్యిల కట్టె ఎనుకకు గుంజింది. "నేను రాను. నా మీద తాళం ఏసినంక రాను. ఇరవై ఏండ్లు నా రొట్టెలల్ల చెయ్యి పెడితివి ఎల్లప్పా. ఏమన్న దొరికిందా?"

"లేదు."

"దొరకనందుకన్న ఒక్కనాడు ఒక్క రొట్టె తిన్నవా?"

మిల్లుల ఎంతమంది ఎన్ని తిట్లు తిట్టినా ఎల్లప్పకు గింత తగల్లే. కండ్లల్ల నీళ్లు తిరిగినయి, పొగకే అనుకోనీ అని తుడుసుకోలే. ఆమె రాలేదు గని, వేడి రొట్టె ఒకటి పళ్లెంల ఏసి చేతికిచ్చింది. ముందు నువ్వు తినాలె, గోలీ దాసిపెట్టొద్దు, దాసిపెడితె దానికి ఎరుక అని మాత్రం చెప్పింది.

అర్రలకు వచ్చి ఎల్లప్ప కుర్చీ పక్కకు జరిపి కింద కూసున్నడు. గుండీ గోడకు ఆనుకోని పండుకున్నది, లేవలే, కండ్లు మాత్రం ఆయన చేతుల మీదనే ఉన్నయి. రొట్టె రెండు తునకలు చేసిండు. ఒకటి నోట్లె పెట్టుకోని నమిలిండు. మంచిగున్నది. ఇన్నేండ్లు గేటు కాడ చేతికి తగిలిన రొట్టె, కడుపు కాలే మధ్యాహ్నాలల్ల వాసన చూసిన రొట్టె, గింత మంచిగ ఉంటదని ఎన్నడు తెలుసుకోలే.

జేబుల నుంచి గోలీ తీసి, అరచేతుల పెట్టి గుండీకి చూపిచ్చిండు. దాని ముంగటనే రెండో తునకల పెట్టిండు, పైన ఏం కప్పలే. తెల్లగ కనవడుతనే ఉన్నది. చెయ్యి చాపిండు.

గుండీ మెల్లగ తల లేపింది. ముందు రొట్టెను వాసన చూసింది. తర్వాత ఆయన వేళ్లను, ఒక్కొక్క వేలును చూసింది. అరచెయ్యి కింద మూతి పెట్టి అటుదిక్కు ఏమన్న ఉన్నదా అని చూసింది. కొరికిన గాయం కాడ జెర సేపు ఆగింది. ఎల్లప్పకు చెయ్యి ఎనుకకు గుంజుకోవాలనిపించింది, గింత చూసుడా నన్ను అని రోషమొచ్చింది. ఆ రోషం ఎట్లుంటదో జన్మల మొదటిసారి తెలిసింది. చెయ్యి గుంజుకోలే.

"చూస్కో బిడ్డా," అన్నడు. "చూస్కోనే తిను. నేనేమనుకోను."

గుండీ ఇంకోసారి వాసన చూసి, గోలీతోని సహా తిన్నది. తిన్నంక ఎప్పటి లెక్క చెయ్యి నాకలే. గోడ దిక్కు మర్లి పండుకున్నది. ఎల్లప్ప ఖాళీ చెయ్యి గట్లనే చాపుకోని చానాసేపు కూసున్నడు.