జానయ్య అదిరిపాట్లు, అబెనా నార్వే ప్రయాణం

సూర్యాపేటలో జానయ్య ముప్పయ్యేళ్లుగా దరఖాస్తులు నింపుతున్నాడు. ముప్పయ్యేళ్లుగా ప్రతి రూలుకీ అదిరిపడుతున్నాడు. నిన్న చదివిన రూలే అయినా సరే, ఇవాళ మళ్లీ పాము మీద కాలేసినవాడిలా లేచి నిలబడతాడు.

తహసీల్దారు ఆఫీసుకి ఎదురుగా ఒక కంప్యూటరు, ఒక జిరాక్సు మిషను, మూడు కుర్చీలు. అదే దుకాణం. రెండు కుర్చీలు గిరాకీకి, మూడోది ఆయనకి. ఆయన అందులో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు మాత్రం లేరు. పింఛను ఫారం వయసు రుజువు అడిగితే లేస్తాడు. "ఏందీ? ఈ ముసలవ్వకు పుట్టిన కాయితమా? ఎదురుంగ కూసున్నది కనవడతలేదా? నెత్తి సూడు, ఒక్క నల్లెంటిక ఉన్నదా?" ఇదంతా కంప్యూటరుతోనే.

బతికున్నట్టు ధ్రువపత్రం అడిగారని ఒకసారి, పింఛనుకొచ్చిన బీరప్పని వెంటేసుకుని ఏకంగా రోడ్డు మీదికొచ్చేశాడు.

"బీరప్పా, నువ్వు బతికున్నవా?"

"ఉన్ననే."

"మరి కాయితమేదిరా?"

రోడ్డవతల టీకొట్టు పాండుకి ఇది అలవాటే. "జానయ్యకు రూలు దొరికింది" అని గ్లాసులు కడుక్కుంటాడు.

నేను కోదాడలో ఫార్మసీ పాఠాలు చెప్తాను, సొంతూరు సూర్యాపేట. నా కాయితాలన్నీ జానయ్య చేతుల మీదుగానే నడిచాయి కాబట్టి ఆయన మీద నాకో శాస్త్రీయమైన అభిప్రాయం ఉండేది. మతిమరుపు. చదివింది నిలవదు పాపం, అందుకే రోజూ కొత్తగా ఆశ్చర్యం.

అబెనా నా విద్యార్థిని. ఘనా దేశం పిల్ల. నాలుగేళ్లు కోదాడ హాస్టల్లో ఉండి నాకంటే మర్యాదగా తెలుగు మాట్లాడుతుంది, మాట చివర 'అండి' లేకుండా ఊపిరి కూడా వదలదు. వాళ్లక్క నార్వేలో నర్సు. వచ్చే నెల తొలి కాన్పు. తల్లి లేదు. ఆ సమయానికి అక్క పక్కన నిలబడాల్సింది ఈ పిల్లొక్కతే.

"వీసా ఫారం నింపించాలండి. సూర్యాపేటలో అయితే మంచిదండి" అంది.

"కోదాడలో నింపేవాళ్లు లేరా?"

చున్నీ సర్దుకుంది. సరే, జానయ్యకి ఫోన్ చేసి విషయం చెప్పాను. మర్నాడు ఇద్దరం వెళ్లాం.

జానయ్య కంప్యూటర్లో నార్వే వీసా రూళ్ల జాబితా తెరిచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"తిరిగొచ్చినంక గూడ పాస్‌పోర్టు ఇంక మూడు నెలలు చెల్లాలె." లేచాడు. "ఇంటికొచ్చినంక వీళ్లకేం పని?" కూర్చున్నాడు. "ముప్పై వేల యూరోలకు ఇన్సూరెన్సు." లేచాడు. "పిల్ల పోయేది కాన్పుకా, యుద్ధానికా?"

"రూలంతేనండి" అంది అబెనా, తప్పు తనదే అన్నట్టు.

"ఇది ఇనున్రి సార్! ఘనా వాళ్లయితే ఊకె ఇమానం మారనీకి దిగినా, ఎయిర్‌పోర్టుల కూసోనీకె వీసానంట! ఓ పాండూ, మిర్యాలగూడ బస్సు దిగి కోదాడ బస్సు కోసం బెంచీ మీద కూసున్నోణ్ని మనం ఎన్నడన్న వీసా అడిగినమా?"

"అడగలేదే!" రోడ్డవతలి నుంచి పాండు.

"నార్వే వీసా వస్తే అది అక్కర్లేదు జానయ్యన్నా" అన్నాను.

"అక్కరలేకుంటె రాసుడెందుకు సార్, భయపెట్టనీకా?"

తర్వాతి వాక్యానికి ఆయన లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

"తిరిగి ఎల్లిపోతరని రుజువులు జతచేయాలె! సుట్టం గడప తొక్కకముందే ఎప్పుడు పోతవని అడుగుతరా? మోతెల మా అక్కింటికి వచ్చిన సుట్టం పోత పోత అంటె అక్క ఆయన చెప్పులు దాసిపెట్టింది, ఇంక రెండ్రోజులున్నడు. వీళ్లేంది సార్, చెప్పులు ఎటు మొకాన ఇడుస్తవని ముందే రాసియ్యమంటున్నరు!"

అతిథి దేవుడని గోడల మీద రాసుకునే మనకి ఈ కోపం ఎంతవరకు తగునో నాకు అనుమానమే. హాస్టలు దొరక్కముందు ఇదే పిల్లకి గది కిరాయికివ్వమంటే ఆరిళ్లు తలుపులేసుకున్నాయి. కానీ చెప్పులు దాచిన ముచ్చటకి అబెనా పకపకా నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని, సంచి అడుగు నుంచి నాలుగు మడతల కాయితం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది రెండోసారండి. మొన్న ఒకసారి పెట్టాను. తిరిగి వెళ్తానన్న నమ్మకం లేదని రాసి పంపేశారండి. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు."

నాలుగేళ్లుగా రోజూ చూస్తున్న పిల్ల. నాకూ చెప్పలేదు.

విచిత్రం, ఈసారి జానయ్య అదిరిపడలేదు. కుర్చీ లేపి నిదానంగా కూర్చుని, కాయితం పైనుంచి కిందిదాకా చదివాడు.

"మంచిపని జేసినవ్ బిడ్డా, చూపెట్టినవ్. ఇగ పని మొదలువెడదాం. ఈడ నువ్వు ఏమేం ఇడిచిపెట్టి పోతున్నవో చెప్పు."

పరీక్షలు. వాటి తారీఖులతో కాలేజీ లెటరు నేనిస్తానన్నాను. కట్టిన ఫీజు రసీదు. హాస్టలు గది. ఇంకా?

"మిర్యాలగూడలో భాగ్యశ్రీ అనే టైలరు దగ్గర రెండు జాకెట్లు కుట్టడానికిచ్చానండి. హాస్టల్లో నా స్నేహితురాలు దీప్తి పెళ్లికండి. నేను తిరిగొచ్చిన వారానికేనండి పెళ్లి."

జానయ్య కళ్లు మెరిశాయి. "రసీదున్నదా?"

"జానయ్యన్నా! నార్వే సర్కారుకి టైలరు రసీదు పంపిస్తావా?"

"సార్, ఇల్లు ఇడిచి పోయినోళ్లను సూసిన, మొగుణ్ని ఇడిచి పోయినోళ్లను గూడ సూసిన. కుట్టనిచ్చిన జాకెట్లు ఇడిచి పోయిన ఆడమనిషిని మీరు సూసిన్రా?"

నేను చూడలేదు. టైలరు రసీదు, ఇంగ్లీషు తర్జుమాతో, నోటరీ ముద్రతో, పెళ్లి శుభలేఖ తోడుగా ఫైల్లో చేరింది.

పదిహేడో రోజు పాస్‌పోర్టు తిరిగొచ్చింది. లోపల వీసా! ఏ కాయితం చూసి ఇచ్చారో వాళ్లు చెప్పరు, మనం అడగలేం. అబెనా నెలరోజులకని విమానమెక్కింది.

తర్వాత ఒక మధ్యాహ్నం కాలేజీ లెటరు నకలు కోసం దుకాణానికి వెళ్తే జానయ్య అన్నం తింటూ, "ఫైలు ఆడనే ఉన్నది, తీస్కోన్రి" అన్నాడు. తీశాను. అన్నిటికంటే అడుగున ఆయన దస్తూరీలో నార్వే రూలు రూలూ తెలుగులో రాసి ఉంది. మూడు నెలలు, ముప్పై వేల యూరోలు, అన్నీ. పైన తారీఖు, మేం వెళ్లినదానికి ముందురోజుది. పక్కన వీసా సెంటరు నంబరు, 'రెండుసార్లు మాట్లాడిన' అని. చివర గీత గీసి ఒక మాట: 'కోదాడ ఇడిచి ఈడికి వస్తున్నదంటె ఇంతకుముందు వద్దన్నరేమో. మనం అడగొద్దు. పిల్లే చెప్పాలె.'

"నీకు అన్నీ ముందే తెలుసు!" అన్నాను. ఈసారి అదిరిపడింది నేను.

"తెల్వకుంటె దుకాణం ఎట్ల నడుస్తది సార్?"

"మరి ఆ ఎగరడం? ఆ కేకలు?"

జానయ్య చేయి కడుక్కున్నాడు. "కాయితం లేనోళ్లు దొంగతనం జేసినట్టు వస్తరు సార్. తల దించుకుంటరు, ఉన్నది గూడ దాస్తరు. నేను రూలు మీద ఒర్రితె తప్పు రూలుదయితది. అప్పుడు తలెత్తి చెప్తరు. చెప్తెనే గద పని అయ్యేది?"

మతిమరుపు సిద్ధాంతాన్ని అక్కడికక్కడే రద్దు చేసుకున్నాను.

అంతలో ఆయన ఫోన్ మోగింది. నార్వే నుంచి అబెనా. "ఆడపిల్లండి! అక్క నా చెయ్యి వదల్లేదండి!" గొంతు నాకూ వినబడింది. జానయ్య ఫోన్ పట్టుకుని పాండుకి చెప్పడానికి రోడ్డు దాటాడు.

దుకాణంలో నేనొక్కణ్నే మిగిలాను. గరిడేపల్లి నుంచి కాటమ్మ అనే పెద్దావిడ, చేతిలో ప్లాస్టిక్ సంచితో లోపలికొచ్చింది. నన్నే దుకాణందారు అనుకుంది.

"సారూ, మా ఆయన పేరు ఆధార్‌ల ఒక తీరు, సచ్చిపోయిన కాయితంల ఒక తీరు ఉన్నదంట. పింఛను రాదంటున్నరు. నాదే తప్పు, సదువు రాకపాయె" అంది నేలకేసి చూస్తూ.

తరగతిలో కూడా గొంతు పెంచి ఎరగని నేను లేచి నిలబడ్డాను.

"ఏందీ!" అన్నాను. "పేరు... పేరు ఒక తీరే ఉండాలా? ఇదేం రూలు!"

గుమ్మంలో జానయ్య. నా ప్రదర్శన చూసినట్టున్నాడు, మొహం చిట్లించాడు.

"సార్, అది హాజరు పిలిచినట్టున్నది. జర కడుపుల కెల్లి రావాలె."

కాటమ్మ తలెత్తి నన్నోసారి, ఆయన్నోసారి చూసింది.

"ఈ సారుకేమైంది బిడ్డా, ఒంట్ల బాగలేదా?" అని, నా కుర్చీ లాక్కుని కూర్చుని, సంచిలో కాయితాలన్నీ బల్ల మీద కుమ్మరించింది.