విశ్రాంతి దాకా

పిన్నిగారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను కారులో, దారి మళ్ళింపు బాణాల మధ్య ఎటు తిరగాలో తెలియక ఆగి ఉన్నాను. ప్రపంచ కప్ కోసం దోహాలో రోజుకో రోడ్డు మూసి ఇంకోటి తెరుస్తున్న రోజులు. "పొద్దున ఆసుపత్రిలోనమ్మా. గుండె," అన్నారు బాబాయిగారు. నాకు ఏడుపు రాలేదు. ముందు మేమిద్దరం చూసిన సినిమా గుర్తొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను. చదివే మీకు చిన్న సంగతే అనిపించవచ్చు.

ఆవిడ నాకు చుట్టం కాదు. దోహా నడిబొడ్డున ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో మా పక్క ఫ్లాట్. భీమవరం వైపు మనిషి. మర్యాదకి నేను మొదలుపెట్టిన పిలుపుని ఆవిడే నిజం చేసేశారు. బడిలో పాఠాలు చెప్పి నేను ఇల్లు చేరేసరికి తలుపు గడియకి సంచి వేలాడేది, అందులో కూర డబ్బా. ఖాళీ డబ్బా తిరిగిస్తే మూత తీసి వాసన చూసి, "పర్లేదు, టీచరమ్మకి తోమడం వచ్చు," అనేవారు.

శుక్రవారం మధ్యాహ్నాలు మాకు సినిమా. ఎప్పుడూ ఒకటే. కాలేజీ రోజుల్లో చూసి, హాస్టల్‌కి నడిచొచ్చే దారంతా నేను ఎవరితోనూ మాట్లాడలేకపోయిన సినిమా అది. ఇంటర్ చదివే అమ్మాయీ అబ్బాయీ, ఇద్దరికీ ఒకే సైకిలు, వానలో తడిసిన రికార్డు పుస్తకం. "యల్లా, పెట్టు," అని 'కానీ' అనడానికి ఇక్కడ నేర్చిన అరబ్బీ ముక్కతో తొందరపెడుతూ పిన్నిగారు జంతికల పళ్ళెంతో కూర్చునేవారు. తెర మీద 'విశ్రాంతి' అని పడగానే మాత్రం రిమోట్ నొక్కేసేవారు.

"అదేంటండీ, అసలు కథ ఇప్పుడే కదా!"

"విశ్రాంతి అన్నాడుగా, తీసుకోనీ వాళ్ళని. ఇక్కణ్ణుంచి పెద్దోళ్ళయిపోతారు. పెద్దోళ్ళని చూడ్డానికి సినిమా ఎందుకు? మీ బాబాయిగారున్నారుగా."

లోపలి గదిలోంచి బాబాయిగారు గట్టిగా దగ్గేవారు. మేం నవ్వుకునేవాళ్ళం.

ఆవిడకి పదహారేళ్ళకే పెళ్ళయిందట. "నాకు ఆ మొదటి సగం లేదమ్మాయ్," అన్నారోసారి, జంతికలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.

నేను అక్కడితో ఊరుకోవాల్సింది. కథని సగంలో ఆపడం కథకి అన్యాయమని నా వాదన. మేం ఊరి బయట అల్ వుకైర్‌కి ఇల్లు మారే ముందు శుక్రవారం రిమోట్ నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. రెండో సగంలో ఆ అమ్మాయికి వేరే పెళ్ళవుతుంది. ఏళ్ళ తర్వాత రైల్వే ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ ఎదురుపడతారు. బాగున్నావా అంటే బాగున్నా అనుకుని ఎవరి పెట్టె వాళ్ళెక్కుతారు. "చూశారా, ఎంత గొప్పగా ముగించాడో!" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

పిన్నిగారు ఒళ్ళో పడిన జంతిక ముక్కలు ఏరుకుంటున్నారు. "అయితే ఆ పిల్లా నాలాగేనన్నమాట," అన్నారు.

మళ్ళీ ఎప్పుడూ ఆ సినిమా అడగలేదు. ఫోన్లో నేను ఆ మాట ఎత్తితే, "చూసేశాంగా," అని కూరల్లోకి వెళ్ళిపోయేవారు. బాధపడ్డారా? విసుగొచ్చిందా? లేక నేనే లేనిదేదో ఊహించుకుంటున్నానా? ఎదురుగా కూర్చుని అడగడానికి జంకి, రోడ్లు బాగుపడ్డాక వస్తానన్నాను. రోడ్లు బాగుపడలేదు, నేను వెళ్ళలేదు. నిజానికి వెళ్ళాలనుకుంటే దారి ఉండేది.

సొంతూళ్ళో కార్యక్రమాలు ముగించుకుని, ఫ్లాట్ ఖాళీ చేయడానికి బాబాయిగారు ఒక్కరే తిరిగొచ్చారు. వెళ్ళి చెప్పాను. "ఆ సినిమా ఆవిడకి చివరిదాకా చూపించకుండా ఉండాల్సిందండీ."

పెట్టెలో సర్దుతున్న పిన్నిగారి చీర ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. "ఆ రోజు నువ్వెళ్ళాక నన్నో మాట అడిగిందమ్మా. 'పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నేను ఏ రంగు ఓణీ వేసుకున్నానో గుర్తుందా?' అని. అన్నేళ్ళలో అలాంటిదేదీ అడగలేదు. టీవీలో మ్యాచ్ వస్తోంది. సౌండ్ పెంచాను."

"గుర్తుందా, బాబాయిగారూ?"

"ఎందుకు లేదు?"

నా తప్పు దింపుకోవడానికి వెళ్ళి, ఆయన చేత ఆయనది ఎత్తించి వచ్చానేమో. నేను చెప్పులేసుకుంటూ వెనక్కి చూస్తే ఆయన పిన్నిగారి చీరలు ఒక్కొక్కటే మడత విప్పి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. "ఇంత ముదురు కాదు," అని ఒకటి పక్కన పెట్టి, ఇంకోటి విప్పారు.