పండ్రి గేటు అవతల

రాయపూర్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి దాటే పనుంటే నేను ఇప్పటికీ రేపటికి వాయిదా వేస్తాను. తొంభైల మొదట్లో సిటీ బస్సు పేరుకే ఉండేది. టెంపోలే దిక్కు. ఆరుగురి చోట్లో పన్నెండు మందిని కుక్కితేగానీ అవి కదిలేవి కావు. ఉర్లాలో నేను పనిచేసే ఫ్యాక్టరీ ఆఫీసుకి రోజూ అలాగే తిట్టుకుంటూ వెళ్ళేదాన్ని, తిట్టుకుంటూ వచ్చేదాన్ని. నా నోటికి జడిసి టెంపోవాళ్ళు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టేవారు.

మాది రైల్వే కాలనీ. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి గేట్‌మన్‌గా చేరాడు, ఆ పనిలోనే రిటైరయ్యాడు. మా ఇంట్లో దేవుడికి దీపం పెట్టడం మరిచిన రోజులున్నాయి గానీ పడిన గేటు కింద నుంచి దూరిన రోజు లేదు. ఊరు ఊరంతా సైకిళ్ళు వంచి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కడ్డీ కింద నుంచి అవతలికి పోతుంటే మేం ముగ్గురం మాత్రం ఎండలో నిలబడేవాళ్ళం. మేం వెళ్ళేసరికి సినిమా సగం అయిపోయేది, పెళ్ళయితే తాళి కట్టడమూ అయిపోయేది. గేటు పడిందండీ అని అమ్మ నవ్వుతూ చెప్పేది. కాలనీలో ఆ మాట అంటే ఇక ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆయన కాపలా ఉన్న గేటు దగ్గరే ఒకావిడ చంకలో బిడ్డతో కడ్డీ కింద దూరిందట. అంతకు మించి ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

అమ్మకి గుండె జబ్బు ముదిరి, శంకర్ నగర్ వైపు ఒక ఆస్పత్రిలో చేర్చాం. మా ఇంటి నుంచి ఊరికి అటు కొస. రాత్రంతా కూర్చున్న మా ఇద్దరినీ పొద్దున్నే పక్కింటి పిన్ని వచ్చి ఇంటికి తరిమింది. స్నానాలు చేసి రెండు మెతుకులు తిని రండి, అందాకా నేనుంటానంది. నాన్న కంచం ముందు కూర్చున్నాడో లేదో, కాలనీ కిరాణా కొట్టుకి ఫోనొచ్చింది. పిన్నే. ఉన్నపళంగా రమ్మంది. అమ్మ మీ నాన్ననే అడుగుతోంది, ఆయన్ని ముందు తీసుకురా అంది. నాన్న చెయ్యి కడుక్కుని, చొక్కా గుండీలు పెట్టుకోకుండానే బయల్దేరాడు.

టెంపో ఫాఫాడీ చౌరస్తా దాకా బాగానే వచ్చి అక్కడ కూలబడింది. ఎదురుగా లారీ, పక్కన ఎడ్లబండి, మధ్యలో ఎవరిదో పెళ్ళి ఊరేగింపు. బ్యాండువాళ్ళు ఒక్క అడుగు ముందుకేస్తే నాలుగు అడుగులు ఉన్నచోటే గెంతుతున్నారు. నేను హిందీలో నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. డ్రైవరుకి చీమ కుట్టినట్టయినా లేదు, కిటికీలోంచి ఉమ్మి మళ్ళీ జర్దా నోట్లో వేసుకున్నాడు. నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఎలాగో కదిలి పండ్రి చేరేసరికి డ్రైవరు బండి ఆపేసి, ఆగే ఫాటక్ బంద్ హై, దిగిపొమ్మన్నాడు. ముందు గేటు పడింది.

ధమ్తరీ వెళ్ళే చిన్న రైలు గేటది. పరిగెత్తే మనిషి దాటిపోగల బండి. ఆ పొద్దున అది మలుపు దగ్గర ఆగిపోయి కూత పెడుతోంది. జనం కడ్డీ కింద నుంచి అటూ ఇటూ పోతూనే ఉన్నారు. ముసలమ్మలు కూరల గంపలతో పోతున్నారు. గేటు అవతల ఆస్పత్రి మేడ కనిపిస్తోంది.

"రా నాన్నా, బండి ఆగిపోయుంది, చూడు."

"ఆగిన బండే కదుల్తాది. గేటెత్తనీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి పట్టుకుని లాగాను. మేకు దిగేసినట్టు కదల్లేదు. నీకు అమ్మకంటే ఈ ఇనప కడ్డీ ఎక్కువా అని నడిరోడ్డు మీద అరిచాను. అప్పుడు చూశాను ఆయన్ని. ఆయన వంగాడు. నిజంగానే వంగాడు, తల కడ్డీ దాకా తెచ్చాడు. మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

"నాకు కాళ్ళు రావట్లేదమ్మా. నువ్వెల్లిపో."

జీవితంలో మొదటిసారి పడిన గేటు కింద నుంచి దూరాను. వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తాను.

అమ్మ కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. నన్ను చూసి, నా వెనక్కి చూసింది.

"మీ నాన్న రాలేదేటి?"

ట్రాఫిక్ అని చెప్పొచ్చు. కింద మందులు కొంటున్నాడని చెప్పొచ్చు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది. "వస్తున్నాడమ్మా, గేటు పడింది."

"అయితే ఇంక రార్లే" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. గోడవైపు తిరిగి పడుకుంది. మరి తలుపుకేసి చూడలేదు. కాసేపటికి ఊపిరి ఆగిపోయింది. పిన్ని ఆమె నోట్లో నీళ్ళు పోసింది.

నాన్న వచ్చాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అమ్మ పాదాల దగ్గర చాలాసేపు నిలబడి, వరండాలోకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. దారంతా పరిగెడుతూ ఆయన కోసం పోగుచేసుకున్న మాటలు నా నాలుక చివర ఉన్నాయి.

"నా కోసం అడిగిందా?"

"అడిగింది. గేటు పడిందని చెప్పాను."

నాన్న ముఖం తేరుకుంది. ఆ తేరుకోవడం నేను చూడలేకపోయాను.

"చెప్పేవు గదా. అయితే మరేటీ అనుకోదు" అన్నాడు.

ఆ నమ్మకంతోనే ఇంకా కొన్నేళ్ళు బతికాడు. అమ్మ గోడవైపు తిరిగిందని నేను ఆయనకి చెప్పలేదు.