నోట్లో మిగిలిన గాలం

గాలం మింగిన చేపలకు ఓటుహక్కు ఉండి ఉంటే, మార్కాపురం మునిసిపాలిటీకి ఈపాటికి మస్తానే చైర్మన్. ఎదురు నిలబడ్డవాడికి డిపాజిట్టు కూడా దక్కేది కాదు. ఏ గాలమైనా, ఏ చేప నోట్లోనైనా, ఎంత లోతుకు దిగినా సరే, చుక్క నెత్తురు రాకుండా తీయగల చెయ్యి లోకంలో ఒక్కటే ఉందనీ, అది మస్తాన్ కుడిచెయ్యేననీ ఆయన మనవరాలు ముబాషిరా బల్లగుద్ది చెబుతుంది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పిల్ల మాట ఎంతవరకు నమ్మాలో వినేవాళ్ల ఇష్టం.

మస్తాన్‌కు డెబ్బై ఒకటి. పద్నాలుగో ఏట పలకల గనిలోకి దిగాడు. బండను ఆయన చీల్చినంత పల్చగా ఇంకెవరూ చీల్చలేరని పేరు. మనిషి కూడా పలకలాగే నల్లగా, సన్నగా, వేలితో తట్టితే ఖంగుమనేలా ఉంటాడు. గని మూతపడ్డాక గుంతలో వాననీళ్లు నిలిచాయి. ఎవరో కొరమీను పిల్లల్ని వదిలారు. తాను ముప్పై ఏళ్లు తవ్విన గుంత ఒడ్డునే మస్తాన్ గాలం వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. జీతం లేదు గానీ డ్యూటీ అదేనని నవ్వేవాడు.

అప్పట్లో ఆయనదీ అందరి పద్ధతే. చేపను కాలికింద అదిమిపట్టి దారం గుంజడం. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న పన్ను ఒకటి ఉంటుంది. లోపలికి సులువుగా పోతుంది, బయటికి మాత్రం కండ చీల్చుకుని వస్తుంది. గాలంతోపాటు సగం దవడ ఊడివచ్చినా ఎవరికీ పట్టింపు ఉండదు. ఎట్లాగూ కూరలోకి పోయేదే కదా.

ఆయన భార్య కమ్రున్నీసా పలకలు నునుపు చేసే పనికి పోయేది. గని నడిచే రోజుల్లో మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని అంచుకు వచ్చి, కొడుకు పేరు కలిపి పైనుంచే కేక వేసేది. "ఓ సాదిక్ నాయనా! అన్నం!" ఆ కేక రాతిగోడలకు తగిలి మూడుసార్లు తిరిగొచ్చేది. "నీకు నలుగురు పెండ్లాలు మస్తానూ, అందరూ ఒకేసారి పిలుస్తుండారు" అని కింద కూలీలు ఏడిపించేవాళ్లు.

ఆమె నోరు ఊరికే ఉండేది కాదు. మాట లేనప్పుడు పొగాకు ముక్క ఉండేది. ఆ పొగాకే బుగ్గలో పుండయింది. కర్నూలులో ఆపరేషన్ చేయించారు. ఆ తరువాత నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. మాట పోయింది. వేల పలకలు నునుపు చేసి ఎవరెవరి పిల్లలకో పంపిన మనిషి, మొదటిసారి ఒక పలక తనకోసం తెచ్చుకుంది. వంకర అక్షరాలతో నీళ్లు, టీ, ఫ్యాను అని రాసి చూపించేది.

ఒక సాయంత్రం మస్తాన్ తెచ్చిన కొరమీనును కోడలు నస్రీన్ కడగడానికి గిన్నెలో పెట్టింది. దాని దవడ ఒకవైపు వేలాడుతోంది. కమ్రున్నీసా దాన్ని చాలాసేపు చూసింది. పలక అందుకుని, ఒకే ఒక మాట రాసి, భర్త ఒళ్లో పెట్టింది.

నోరు.

ఆ పూట మస్తాన్ కూర ముట్టలేదు. తెల్లారి పాత సైకిల్ చక్రంలోంచి ఒక స్పోకు పీకాడు. ఒక కొసను తేలు తోకలా వంచాడు. రెండో కొసకు విరిగిన పలక చట్రం చెక్కను పిడిగా బిగించాడు. చేప చిక్కినప్పుడు దారాన్ని ఆ వంకీలో దూర్చి, దారం వెంబడే కిందికి జార్చుతూ గాలం వంపుదాకా పోతాడు. అక్కడ గుంజడు, వచ్చిన దారినే లోపలికి కాస్త నెడతాడు. పన్ను కండను వదిలేస్తుంది. అప్పుడు మెల్లగా తిప్పితే గాలం స్పోకుతోపాటే బయటికి వచ్చేస్తుంది. బతికున్న చేపను బకెట్లో ఇంటికి తెచ్చి ఆమె ముందే అలా తీసి చూపించాడు. కమ్రున్నీసా కళ్లతో నవ్వింది. దాన్ని మళ్లీ గుంతలో వదిలేసి రమ్మని చేత్తో సైగ చేసింది.

ఆమె పోయి నాలుగేళ్లు. ఆ పలక ఇప్పటికీ గూట్లోనే ఉంది. పండక్కి సున్నం వేసినప్పుడల్లా మస్తాన్ తానే దించి తానే పెడతాడు. గుడ్డ తగలనివ్వడు. గాలానికి చేపలు పడుతూనే ఉన్నాయి. నస్రీన్ అడిగిన రోజు ఒకటి ఇంటికి వస్తుంది, మిగతావన్నీ నీళ్లలోకే. చుట్టుపక్కల గాలం వేసేవాళ్లు వచ్చి స్పోకు అడిగి చేయించుకుంటారు. దాని పేరు మస్తాన్ పుల్ల.

పోయిన నవంబరులో కప్పపిల్లను ఎర పెట్టి కూర్చున్నప్పుడు పెద్ద కొరమీను ఒకటి తగిలింది. ఒకసారి పైకి ఎగిరింది. తోక పైభాగం ఎవరో కొరికినట్టు తెగి ఉంది. మస్తాన్ ఒడ్డుకు లాగుతుంటే దారం బండ అంచుకు రాసుకుంది. పలక బండ అంచు కత్తి లాంటిది. ఆకుపచ్చ దారం పుటుక్కున తెగింది. గాలంతోనే చేప నీళ్లలోకి పోయింది.

మరునాటి నుంచి మస్తాన్ దినం తప్పకుండా గుంత దగ్గరే. గనిలో ఆయనతో కలిసి పనిచేసి, ఇప్పుడు అక్కడే బర్రెలు మేపుకునే గోవిందయ్య వారం రోజులు చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏంది బావా, పోతే పోయింది. గాలం అంగట్లో దొరకదా?"

"గాలం కోసం కాదు."

"చేప కోసమా? అదీ సంతలో దొరుకుతాది."

"దాని నోట్లో నా గాలం ఉంది గోవిందయ్యా. అది ఎట్ల తింటాది?"

"ఓహో. అయితే దాన్ని పట్టి, గాలం తీసి, మళ్లా నీళ్లల్లోనే వదుల్తావు."

"అంతే."

"పట్టేదానికి ఇంకో గాలం దాని నోట్లోనే గదా దించాల?"

మస్తాన్ దారం చుట్టుకుని లేచాడు. ఇంటికి వచ్చి, కొత్త గాలం పన్ను పూర్తిగా అరిగిపోయేదాకా ఆకురాయితో రుద్దాడు. పన్నులేని గాలానికి తగిలిన చేపలు తగిలినట్టే జారిపోయేవి. పోనిమ్మనుకున్నాడు. ఎరకు కప్పలు మానేసి వానపాములు తవ్వుకున్నాడు. దానికి కారణం ముబాషిరా.

"మరి కప్పకు నోరు లేదా దాదా?" అంది.

"నీకు మాత్రం ఉంది."

"మైకులో చెప్పిద్దామా? చేప తప్పిపోయింది, నోట్లో గాలం, ఆకుపచ్చ దారం, చూసినోళ్లు మస్తాన్ సాయిబుకు తెలపండి అని?"

"నీ నోట్లో ఏయాల ఒక గాలం."

వంటింట్లోంచి నస్రీన్ అంది, "మామా, కాళ్లు వాస్తుండాయి. రెండు దినాలన్నా ఇంట్లో కూర్చోండి."

"అది తింటుందో లేదో తెలిస్తే కూర్చుంటానమ్మా."

కొరమీను గాలి కోసం అప్పుడప్పుడు పైకి వస్తుంది. నీళ్ల మీద నోరు ఒక్కసారి తెరిచి, గుటక వేసి, మునిగిపోతుంది. మస్తాన్ ఆ నోళ్లన్నిటినీ చూస్తూ కూర్చునేవాడు. డిసెంబరులో మూడుసార్లు ఒక నోటి పక్కన ఆకుపచ్చ దారం కనిపించింది. జనవరిలో ఒక్కసారీ కనిపించలేదు. తిండిలేక చచ్చిపోయిందేమోనని ఒడ్డంతా తిరిగి చూసేవాడు.

అట్లా కూర్చున్నప్పుడు పైనుంచి ఎవరైనా పిలిస్తే బాగుండుననిపించేది. ఆకలైనా కాకపోయినా సరే, అన్నానికి పిలిస్తే చాలు. ఒక మధ్యాహ్నం చుట్టూ చూసుకుని, తానే "ఓ సాదిక్ నాయనా!" అని కేక వేశాడు. మూడుసార్లు తిరిగొచ్చింది. మూడూ తన గొంతులే. తుమ్మచెట్ల వెనక బర్రెల దగ్గర ఉన్న గోవిందయ్య విన్నాడు. ఆ ఒక్క సంగతి మీద మాత్రం ఆయన ఇంతవరకు ఎగతాళి చేయలేదు.

మార్చిలో నీళ్లు బాగా కిందికి పోయాయి. ఒక ఉదయం దారానికి కట్టిన బెండు గుటుక్కున మునిగింది. ఈసారి మస్తాన్ తొందరపడలేదు. బండ అంచు మీద తడి గోనెపట్టా పరిచి, దానిమీదుగా దారాన్ని మెల్లగా లాక్కున్నాడు. తోక పైభాగం తెగిన కొరమీను పట్టా మీదికి వచ్చి పడుకుంది.

పన్నులేని గాలం తాకగానే ఊడింది. మస్తాన్ చేతులు తడుపుకుని, పుల్ల అందుకుని, చేప నోరు తెరిచాడు. లోపల గాలం లేదు. దారమూ లేదు. కుడి మూలన బియ్యపుగింజంత తెల్లటి మచ్చ ఉంది. నమ్మలేక పుల్ల లోపలికి పెట్టి వెతికాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పుల్లకు తగిలేదేమీ లేదు.

నాలుగు నెలలు ఈ నోటి కోసమే కూర్చున్నాడు. ఈ నోటికి ఆయనతో పనే లేకపోయింది. చేప మాత్రం ఆయన ముఖంలోకి చూస్తున్నట్టు నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. వేలెడు కాదు, నిండుగా తెరుస్తోంది. మస్తాన్ దాన్ని రెండు చేతులతో నీళ్లలోకి దించి పట్టుకున్నాడు. అది కాసేపు ఆ చేతుల్లోనే ఉంది. తరువాత లేదు.

"తీసినావా బావా?" పైనుంచి గోవిందయ్య అరిచాడు.

మస్తాన్ పుల్లను తువ్వాలుతో తుడుస్తూ అక్కడే కూర్చున్నాడు. ఆ తుడవడం చూసి గోవిందయ్య తీసినాడనే అనుకున్నాడు. సాయంత్రానికి టీ అంగడి దాకా అదే మాట. ఇంట్లో నస్రీన్ సేమియా చేసింది. మస్తాన్ తిన్నాడు. మరునాడు కూడా గుంతకు పోయాడు, గాలం తీసుకుపోలేదు.

ముబాషిరా ఇదంతా తాను విన్నట్టుగా నోటుబుక్కులో రాసింది. ఓట్ల సంగతి నుంచి మొదలుపెట్టి, చుక్క నెత్తురు రాకుండా గాలం తీసేశాడన్న చోటుదాకా దాదాకు గొంతెత్తి చదివి వినిపించింది. ఆయన గూట్లో పలకవైపు చూస్తూ అంతా విన్నాడు.

"ఎట్లుంది దాదా?"

"అబద్ధం. నేను తీయలేదు. నేను పట్టేసరికే దాని నోరు మానింది. అట్లనే రాయి. ఆ ఓట్లూ గీట్లూ కొట్టేయి."