స్వరూప ఆపని రాడార్
జనగామలో రేడియోలు బాగుచేసే కట్టయ్యకు స్వరూప ఒక్కతే బిడ్డ. పాలిటెక్నిక్ చదివి, ఒక పరిశోధన కేంద్రం జఫర్‌గఢ్ శివారులో పెట్టిన రాడార్ దగ్గర టెక్నీషియన్‌గా చేరింది. శిక్షణలో పాఠం చెప్పే వంతు వచ్చినప్పుడు ఆమె యాసకు ఎవరో నవ్వితే, "నవ్వుడు అయినంక చెప్పుండ్రి, మిగిలింది చెప్త" అని నిలబడి, అదే యాసలో పాఠం ముగించిన మనిషి.

ఆ రాడార్ విమానాలను వెతికేది కాదు. స్తంభాలకు కట్టిన తీగల నుంచి నిట్టనిలువుగా పైకి రేడియో తరంగాలు పంపుతుంది. మూడు వందల కిలోమీటర్ల ఎత్తున, ఎండ వల్ల విద్యుత్తు నిండిన గాలిపొర వాటిని తిప్పికొడుతుంది. ఆ పొర పేరు అయనోస్ఫియర్. ఫ్రీక్వెన్సీ ఒక హద్దు దాటితే మాత్రం తరంగం పొరను చీల్చుకుని పోతుంది, తిరిగిరాదు. ఆ హద్దు పూటపూటకూ మారుతుంది. దాన్ని కొలవడమే స్వరూప పని.

ఆ ఏడు జూన్ గడిచినా చినుకు పడలేదు. పక్క పొలం ఆసామి, మాజీ సర్పంచ్ సుదర్శన్ ఇరవై మందిని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు.

"గీ స్తంభాలే మబ్బుల్ని చెదరగొడుతున్నయ్. బంద్ చెయ్యి."

"మా తరంగానికి మబ్బుతోని పనే లేదు, సర్పంచ్ సాబ్. లోపలికి రాండ్రి, చూపిస్త."

ఎవరూ కదల్లేదు. సాయంత్రం పై అధికారి ఫోన్ చేశాడు. "ఊళ్లో గొడవెందుకు? వారం రోజులు ఆపెయ్యండి."

"ఖరాబైతే ఆపుత సార్. భయానికైతే ఆప."

మర్నాడు ఎవరో కరెంటు తీగ కోసేశారు. జనరేటర్ మీద నడిపింది. ఆటోవాళ్లు ఎక్కించుకోకపోతే నడిచి వచ్చింది.

జూలై చివర వాన విరుచుకుపడింది. భూపాలపల్లి వైపు వాగులు పొంగి సెల్‌ఫోన్లు మూగబోయాయి. అక్కడ బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్ ఐలేశ్. స్వరూపలాగే అతనికీ సొంత రేడియో సెట్టు, దానికి లైసెన్సు ఉన్నాయి. ఇద్దరూ రోజూ ఏడు మెగాహెర్ట్జ్ మీద పలకరించుకునేవాళ్లు. ఆ తెల్లవారుజామున ఏడు మీద గరగర తప్ప ఏమీ వినబడలేదు. కేంద్రంలోనే తన సెట్టు పెట్టుకుని కూర్చున్న స్వరూప రాడార్ తెర చూసింది. హద్దు ఐదు దగ్గరే ఉంది. ఏడు మీద పలికేదంతా ఆకాశం దాటి పోతోందన్నమాట. మూడున్నర మెగాహెర్ట్జ్‌కు దిగి పిలుస్తూ కూర్చుంది. కాసేపటికి, ఆమె కోసం తానూ కిందికి వెతుక్కుంటూ వస్తున్న ఐలేశ్ గొంతు తగిలింది.

"అక్కా, గంట సేపటి నుంచి మొత్తుకుంటున్న."

"ఏడు ఆగుతలేదు తమ్మీ. ఎండెక్కేదాక ఇక్కడనే ఉండు. ఏమైంది?"

"సెట్టు, బ్యాటరీ పట్టుకొని బడి మిద్దె ఎక్కిన, పద్నాలుగు మందిమి ఉన్నం. ఒక బాలింత ఉన్నది. నీళ్లు పెరుగుతున్నయ్."

స్వరూప ఫోన్ పనిచేస్తోంది. సహాయ కేంద్రానికి చేసింది. "ఫోన్లే లేవు కదా, మీకెలా తెలిసింది?" అన్నారు అవతల.

"రేడియోల విన్న. పేర్లు చెప్త, రాసుకోండ్రి" అని ఐలేశ్ చెప్పగా రాసుకున్న పద్నాలుగు పేర్లూ చదివింది.

ఎండెక్కేకొద్దీ మూడున్నర మీద మాట సన్నగిల్లింది; తొమ్మిదింటికి హద్దు ఏడు దాటాక ఐలేశ్‌ను ఏడుకు మారమంది. మాట స్పష్టంగా వచ్చింది. మధ్యాహ్నానికి ముందే పడవలు చేరి, అందరినీ దించాయి.

వారం తర్వాత సుదర్శన్ మళ్లీ వచ్చాడు. "నీ అదృష్టం బాగుంది. స్తంభాలు మాత్రం తియ్యాల్సిందే."

"తియ్య. ఇంకోటి పెట్టిస్తున్న."

అన్నట్టే అర్జీ పెట్టి మంజూరు చేయించుకుంది. గుంత తవ్వే రోజు సుదర్శన్ అడ్డంగా నిలబడితే, సున్నంతో గీతలు గీస్తున్న స్వరూప తలెత్తలేదు.

"జర పక్కకు జరుగుండ్రి సర్పంచ్ సాబ్. గీత మీద నిలబడ్డరు."